గంట వినగానే మంచం దిగే ఊరు

అనగా అనగా ఒక ఊరు ఉండేదట. పేరు అడక్కండి. వాళ్ళ మనవలు మీ బళ్ళోనే చదువుతున్నారు, రేపొద్దున్నే మీరు వెళ్ళి వాళ్ళతో అనేస్తారు. జోజీ, కాళ్ళు ముడుచుకో, చెల్లికి చోటివ్వు. మీరు ఊ కొట్టకపోతే ఆపేస్తాను. నాకేం, నాకు కథ తెలుసు.

ఆ ఊళ్ళో అందరూ మనవాళ్ళే, కతోలికులే. ఆదివారం పూజకి ఒక్కరూ మానరు. ఈస్టరుకి ముందు తపస్సు కాలంలో మాంసం ముట్టరు. భక్తికేం లోటు లేదు, నమ్మకమే కాస్త తక్కువ. పోనీలెండి, రెండూ ఒకచోటే ఉండాలని ఎక్కడుంది.

వాళ్ళకి సైతానంటే భయం లేదు, గుడి ఫాదరు రాయప్ప స్వామి చేతిలోని చిన్న నూనె డబ్బీ అంటే భయం. జబ్బు ముదిరిన వాళ్ళ దగ్గరికి స్వామి వచ్చి, ప్రార్థన చేసి, నుదుటి మీదా అరచేతుల్లోనూ నూనె రాస్తాడు చూడండి, అది. ఆయన ముందు, గుడి పనులు చూసే ఉపదేశి చిన్న గంట వాయించుకుంటూ నడిచేవాడు. ఆ నూనె రాయించుకున్న వాళ్ళు మర్నాటికి ఉండరని ఊరందరి మాట. అబద్ధం కూడా కాదు. రోగి కాళ్ళు చల్లబడి, ఏడవడానికి చుట్టాలు కూడా వచ్చి కూర్చున్నాకే స్వామికి కబురు పంపేవాళ్ళు. ఇక మర్నాటికి ఎవరుంటారు?

అందుకని వీధిలో గంట వినిపిస్తే చాలు. చిన్నపరెడ్డికి మూడు రోజులుగా జ్వరం. గంట గణగణమంది, మంచం కిర్రుమంది, చిన్నపరెడ్డి నాగలి భుజానేసుకుని బయటికొచ్చాడు. ఎడ్లు లేవు, వాటిని పొద్దున్నే బావమరిది తోలుకెళ్ళాడు. ఆరోగ్యమ్మకి మోకాళ్ళు పట్టేశాయని కోడలు నెల రోజులుగా మంచం దగ్గరికే అన్నం అందిస్తోంది. గంట గణగణమంది, మంచం కిర్రుమంది, ఆరోగ్యమ్మ రోకలి తీసుకుని మిరపకాయలు దంచింది. కోడలు ఆ పూట నుంచే అన్నం అందించడం మానేసింది. గాబ్రియేలు తాతకి దగ్గు. గంట గణగణమంది, మంచం కిర్రుమంది, తాత గడపలో నిలబడి, స్వామి మలుపు తిరిగేదాకా దగ్గు బిగబట్టాడు. ముఖం వంకాయ రంగుకొచ్చింది. ఊ కొడుతున్నారా? కొట్టండి.

పునీతులు చేయి వేస్తే గానీ రోగాలు పోయేవి కావు, నేను వీధిలో నడిస్తేనే పోతున్నాయి, నన్నూ పునీతుణ్ణి చేయమని ఎవరైనా రోముకి ఉత్తరం రాయండి అనేవాడట స్వామి. అని, నవ్వేవాడు కాదు.

ఆ ఊళ్ళో ఇన్నాసమ్మ అని ఒకావిడ. గుళ్ళో జపమాల చెప్పించేది ఆవిడే. ప్రతి ప్రార్థన చివరా ప్రభువా నీ చిత్తమే కానీ అనేది. అన్న వెంటనే తన చిత్తమేమిటో కూడా వివరంగా చెప్పేది, ఆయన పొరపడకుండా. వాన ఏ వారం పడాలో, ఎవరి చేలో ముందు పడాలో, అన్నీ.

ఆవిడకి బాలశౌరి అని కొడుకు. ఉన్నాడని చెప్పడమే గానీ కథలో అతనికి పని లేదు. ఇంట్లోనూ లేదు. కోడలు తెరేజమ్మ. ఎదురు చెప్పకుండానే తను అనుకున్నది చేసుకుపోయే పిల్ల. ఇన్నాసమ్మకి కోడలంటే ప్రాణం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, కోడలితో అసలే అనలేదు. కూరలో ఉప్పు వేయడం రాదని మాత్రం ఊరంతా చెప్పింది.

తెరేజమ్మకి ఆడపిల్ల పుట్టింది. అయిదో రోజున జ్వరం పట్టుకుంది. టౌను నుంచి డాక్టరు వచ్చాడు, సూది వేశాడు, బాలశౌరి ముఖం వైపు చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు తెరేజమ్మ అత్తని పిలిచి, స్వామిని పిలిపించమంది.

"ఎందుకే? నీకేమైందని?"

"భయంగా ఉందత్తా. ఆయనొచ్చి ప్రార్థన చేసి నూనె రాస్తే ధైర్యంగా ఉంటుంది."

"ధైర్యం కావాలంటే గంజి తాగు."

గంజి తాగించి, పక్కకి వచ్చి మొక్కులు మొదలుపెట్టింది ఇన్నాసమ్మ. కొండ మీది మరియమాతకి చెప్పుల్లేకుండా నడిచొస్తానంది. అంతోనివారికి పదమూడు మంగళవారాలు ఉపవాసమంది. జోజప్పగారికి తలనీలాలంది. ఒకరికి మొక్కింది ఇంకొకరికి తెలియకుండా గొంతు తగ్గించి మరీ మొక్కింది. పరలోకంలో ఆవిడ పలకరించని వాళ్ళు లేరు. ఆ పిల్లని దేవుడి చేతుల్లో పెట్టమంటే మాత్రం చేతులు రాలేదు.

ఇంట్లో దాచిన జబ్బు స్వామి దాకా ఎలా వెళ్ళిందంటారా? నాలాంటి వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మర్నాడే గంట వాయించుకుంటూ ఉపదేశి, వెనక స్వామి. ఇన్నాసమ్మ చేట పట్టుకుని గడపలో అడ్డంగా కూర్చుంది.

"తెరేజమ్మకి బాగాలేదని విన్నాను," అన్నాడు స్వామి.

"పుట్టింటికి వెళ్ళింది స్వామీ."

"పురుడొచ్చి వారం కూడా కాలేదే."

"వాళ్ళమ్మకి బాగాలేదు."

లోపల పసిగుడ్డు ఏడ్చింది.

"మరి అదెవరు?"

"పిల్లి."

స్వామి నూనె డబ్బీ జేబులో పెట్టుకున్నాడు. "పిల్లికి పాలు పట్టు ఇన్నాసమ్మా. గుడి తలుపు తీసే ఉంటుంది," అని వెనక్కి తిరిగాడు.

ఏంటి లూర్దూ? లోపలికి ఎందుకు వెళ్ళలేదా? ఇంటివాళ్ళే గడపలో అడ్డం కూర్చుంటే ఎలా వెళ్తాడు? దేవుడే తోసుకుని రాడు, ఇక స్వామి ఎంత.

గంట గణగణమంటూ దూరమైపోయింది. వీధిలో మంచాలన్నీ కిర్రుమన్నాయి. ఆ గంట కోసం ఎదురుచూసిన ఒక్క మంచమే కిర్రుమనలేదు. తెరేజమ్మకి లేచే ఓపిక లేదు.

ఆ ఓపిక తెల్లారేసరికి ఎక్కడి నుంచి తెచ్చుకుందో తెలీదు. అత్త గేదె దగ్గర పాలు పిండుతోంది. తెరేజమ్మ బిడ్డని ఉయ్యాలలో పడుకోబెట్టి, గోడ పట్టుకుని వీధిలోకి వచ్చింది. గుడి వీధి చివర ఉంది. నూనెకి వెళ్ళే మనిషికి భుజం ఇస్తే ఆ నూనె తమ ఇంటికొస్తుందని జనానికి అనుమానం. చిన్నపరెడ్డి తలుపేశాడు. ఆరోగ్యమ్మ తలుపేసింది. గాబ్రియేలు తాత తలుపేసి సందులోంచి చూశాడు. ఆయన చూడబట్టే ఈ కథ మనదాకా వచ్చింది, కాబట్టి ఆయన్ని నేనేమీ అనను.

తాత ఇంటి ముందే తెరేజమ్మ కూలబడిపోయింది. పాలచెంబు అక్కడే వదిలేసి ఇన్నాసమ్మ పరిగెత్తుకొచ్చింది.

"లే. ఇంటికి పద."

"గుడికత్తా."

"అక్కడికెళ్తే చచ్చిపోతావే."

"ఇంట్లో ఉన్నా చచ్చిపోయేట్టే ఉన్నాను. భయంతో చచ్చిపోలేను."

"నేను ఒప్పుకోను."

"నా బిడ్డని నిన్ను నమ్మి వదిలొచ్చాను కదత్తా. నన్ను ఆ దేవుణ్ణి నమ్మి వదల్లేవా?"

అంతలో బాలశౌరి బిడ్డని ఎత్తుకుని వచ్చి నిలబడ్డాడు. కథలో అతనికి దొరికిన పని అది, దాన్ని బాగానే చేశాడు. ఇన్నాసమ్మ వంగి, కోడల్ని వీపు మీద వేసుకుని గుడి వైపు నడిచింది. దారి పొడుగునా దేవుణ్ణి తిట్టింది. మామూలుగా కాదు, చేలో పశువుల్ని వదిలిన వాణ్ణి తిట్టినట్టు తిట్టింది. తలుపు సందుల్లోంచి ఊరంతా విన్నది. తిడుతూనే మోసింది, తిడుతూనే గుడి మెట్లెక్కింది, తిడుతూనే పీఠం ముందు దించింది. స్వామి అడ్డు చెప్పలేదు. నూనె రాసి, ప్రార్థన చేసి, దివ్యసత్ప్రసాదం ఇచ్చాడు. తెరేజమ్మ అక్కడే, చాప మీద, హాయిగా నిద్రపోయింది.

బతికిందా అంటావా జోజీ?

తొమ్మిది రోజులు బతికింది.

ఊ కొట్టరేం? నేను కథలు కల్పించను.

చూశారా, మేం చెప్పలేదూ అంది ఊరు. వాళ్ళ మాటే నెగ్గిందని సంతోషం పట్టలేక, సమాధి దగ్గర కూడా చెప్పుకున్నారు. ఆ తొమ్మిది రోజులు తెరేజమ్మ ఎలా ఉందో మాత్రం ఎవరూ అడగలేదు. జ్వరం తగ్గలేదు, నొప్పి తగ్గలేదు, భయం తగ్గింది. బిడ్డకి నీళ్ళెలా పోయాలో, ఏ పాట పాడితే పడుకుంటుందో అత్తకి చెప్పింది. ఎనిమిదో రోజున, కూరలో ఉప్పు నువ్వే ఎక్కువ తింటావత్తా, నేను సరిగ్గానే వేసేదాన్ని అని కూడా చెప్పింది.

ఇన్నాసమ్మ అంత తేలిగ్గా లొంగలేదు. మొక్కిన మొక్కులన్నీ ఒక్కొక్క పునీతుడి దగ్గరికీ వెళ్ళి రద్దు చేసుకొచ్చింది. రెండేళ్ళు గుడి గడప తొక్కలేదు. స్వామి అప్పుడప్పుడూ వచ్చి అరుగు మీద కూర్చుని, పిల్లని కాసేపు ఆడించి, మజ్జిగ తాగి వెళ్ళేవాడు. దేవుడి మాట ఎత్తేవాడు కాదు. మూడో ఏడు ఒక ఆదివారం ఆవిడ పూజకొచ్చి వెనక వరసలో కూర్చుంది. కోపం తగ్గిందా అని ఆరోగ్యమ్మ అడిగితే, లేదు, ఆయన మీది కోపం ఇంకెవరితో చెప్పుకోను, నీతోనా అందట.

పిల్లకి ఎనిమిదో ఏడు వచ్చింది. వానాకాలంలో జ్వరం వచ్చి మాట పడిపోయింది. మళ్ళీ డాక్టరు, మళ్ళీ సూది, మళ్ళీ ముఖం చూడకుండా సైకిలు. ఇన్నాసమ్మ తిన్నగా స్వామి ఇంటికి వెళ్ళింది.

"పిల్లకి బాగాలేదు. నూనె తీసుకుని రండి."

"భయం లేదా ఇన్నాసమ్మా?"

"ఎందుకు లేదు? బోలెడుంది. నడవండి."

ఉపదేశి ఊళ్ళో లేడు. గంట ఆవిడే పట్టుకుని ముందు నడిచింది. వీధిలో తలుపులు పడుతున్న చప్పుడు ఆవిడ వినే ఉంటుంది. తన ఇంటి తలుపు తనే బార్లా తీసి, స్వామికి మంచం దగ్గర పీట వేసింది.

పిల్ల బతికింది. ఇదిగో, ఇప్పుడు ఊ కొడుతున్నారు.

నూనె వల్లే బతికిందా అని అడగొద్దు. తెరేజమ్మకి రాసిందీ అదే నూనె, రాసిందీ అదే స్వామి. ఒకరు వెళ్ళారు, ఒకరు ఉన్నారు, ఎందుకో దేవుడు నాకు చెప్పలేదు, ఇన్నాసమ్మకీ చెప్పలేదు. ఆ రోజు తలుపు తీసేటప్పుడు పిల్ల బతుకుతుందని ఆవిడకి తెలీదు. తెలీకుండానే తీసింది. నమ్మడం నేర్చుకోవడమంటే అదే. ఇంతకంటే సుఖమైన పద్ధతి ఎవరైనా చెబితే నాకూ చెప్పండి, నాకు ఇంకా సరిగ్గా రాదు.

తర్వాత అందరూ సుఖంగానే ఉన్నారు. ఇన్నాసమ్మ మనవరాలి పెళ్ళి చూసింది. తెరేజమ్మ సంగతి నాకు దిగుల్లేదు, ఆ పిల్ల మంచి చోటే ఉంది. కథ కంచి దారి పట్టింది. మనం ఇంట్లోనే ఉన్నాం. సిలువ గుర్తు వేసుకుని కళ్ళు మూసుకోండి.