గంగామణి చేతులు

ఎనిమిది నెలలు తిరిగి తీసిన సినిమాను ప్రవళిక తన గురువు ముందు పెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

గురువంటే గడ్డం పెంచి కళ్లు మూసుకున్న మనిషి కాదు. నిజామాబాదులో రెండు గదుల ఇంట్లో ఉండే రజియా ఆపా, అంటే రజియా అక్క. నలభై ఏళ్లుగా ఆడవాళ్ల పని మీద, రోగాల మీద, హక్కుల మీద డాక్యుమెంటరీలు తీసీ తీసీ జుట్టు నెరిసిన మనిషి. పాఠం చెప్పమంటే చాయ్ పెట్టమంటుంది. అందుకే ఆవిడ దగ్గరికి వచ్చిన శిష్యులు వచ్చినట్టే పోయేవారు. మూడేళ్లు నిలిచింది ప్రవళిక ఒక్కతే. ఆ సంగతి తనకూ తెలుసు, కొంచెం ఎక్కువగానే తెలుసు.

సినిమా ఒక బీడీల ఊరిది. ఊరి పేరు నేను చెప్పను. గోదావరికి ఇవతల, అంతే. ముప్పై మంది ఆడవాళ్లు బీడీ కంపెనీ తరఫున పని పంచే విఠల్ అనే టేకేదారు దగ్గర ఆకూ తంబాకూ తెచ్చుకుని, చుట్టిన బీడీలు మళ్లీ అతనికే అప్పజెబుతారు. తంబాకు తూచే గదిలోకి అతను వాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తాడు. చెయ్యి వేస్తాడు. విదిలించుకున్న వాళ్లకు మర్నాటి నుంచి చిరుగుల ఆకు వస్తుంది, వాళ్ల కట్టలే బాగా లేవంటూ పక్కకు పోతాయి. ఊరంతటికీ తెలిసిన సంగతి, ఒక్కరూ నోరెత్తని సంగతి. నోరెత్తితే టేకేదారు కంటే ముందు ఇంట్లోవాళ్లే, "నువ్వేం నవ్వితివని పిలిచిండు?" అని అడుగుతారు.

అలాంటి చోట గంగామణి నోరు విప్పింది. పదకొండేళ్లు మింగినదంతా పన్నెండు నిమిషాల్లో చెప్పింది. నీ ముఖం చూపించనని ప్రవళిక ఆమెకు ఒట్టు వేసింది. ఒట్టు తప్పలేదు కూడా. గంగామణి మాట్లాడినంత సేపూ తెర మీద ఉన్నవి ఆమె చేతులే. ఒళ్లో చాట, చాటలో ఆకు, ఆగకుండా బీడీలు చుట్టే రెండు చేతులు. గొంతు కంప్యూటరులో మార్చేసింది. శనివారం హైదరాబాదులో సినిమా వేస్తారు, ఆ పూటే ఇంటర్నెట్‌లో పెడతారు.

సినిమా అయిపోయింది. ఆపా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఈమె ఎవరో తెలుస్తదా?"

"ఎట్ల తెలుస్తది ఆపా? ముఖమే లేదు. గొంతు కూడా మార్చిన."

"మ్."

ఆ 'మ్' ప్రవళికకు నచ్చలేదు. మెచ్చుకోవడానికి ముసలివాళ్లకు నోరు రాదు అనుకుంది.

"చేతులే తీసిన వీడియో ముక్కలు ఇంకా ఉన్నయా?" అని అడిగింది ఆపా.

ఉన్నాయి. పని నేర్చుకోవడానికి మొదట్లో తీసినవి. ఐదుగురు ఆడవాళ్లవి ఐదు ముక్కలు, ఆరోది గంగామణిది, ఏడోది సరదాకు ప్రవళిక తానే బీడీ చుట్టబోయి నవ్వులపాలైనది. ఏడూ ఆపా ఫోనులోకి పంపింది.

"రేపు పొద్దున ఆ ఊరికి పోదాం" అంది ఆపా. "ఎవరి చేతులు తీసినవో వాళ్లు చూడాలె కదా."

మర్నాడు పది గంటలకు ఆ ఊళ్లో దిగారు. రాజుబాయి ఇంటి వసారాలో ఆరుగురు కూర్చుని బీడీలు చుడుతున్నారు. గోడ పక్కన, అందరికంటే వెనక, తల వంచుకుని గంగామణి. ప్రవళికను చూసీ చూడనట్టు చూసి మళ్లీ ఆకు అందుకుంది.

ఆపా వాళ్ల మధ్య చతికిలబడింది. మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది, తన మోకాళ్ల గురించి చెప్పింది. తర్వాత ఫోను తీసి రాజుబాయి చేతికిచ్చింది. "చూడున్రి. మా పిల్ల తీసింది. ఎవరియో చెప్పున్రి చూద్దాం."

మొదటి ముక్క నడిచింది. ముఖం లేదు, మాట లేదు, చేతులే.

"ఓయమ్మా, గివి నర్సవ్వయి!" అంది రాజుబాయి. ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

"నాయే" అంది నర్సవ్వ నవ్వుతూ. "నీకెట్ల ఎర్కయిందే?"

"ఎర్క గాకపోవుడేంది? బీడీ మూతి మడిచేటప్పుడు నీ చిటికెన వేలు పెండ్లికూతురు లెక్క పక్కకు పోతది."

అందరూ పకపకా నవ్వారు. రెండోది లచ్చవ్వది. మూడోది రాజుబాయిదే. ఎవరో దారం చుట్టే తీరు చెప్పారు, ఎవరో ఆకు కత్తిరించే ఒడుపు చెప్పారు. చేతులు కనబడగానే పేరు వచ్చేస్తోంది. వాళ్లకు అది ఆట. పొద్దంతా ఎదురెదురుగా కూర్చుని, తల ఎత్తకుండా, ఇరవై ఏళ్లుగా చూసుకున్నవి ఒకరి చేతులొకరే కదా.

ప్రవళికకు నవ్వు రాలేదు. కెమెరా పట్టుకున్నవాళ్ల జబ్బు ఒకటుంది, మనిషంటే ముఖమే అనుకుంటారు. ముఖం చెరిపేస్తే మనిషిని దాచేశామనుకుంటారు. ఆ జబ్బు తనకూ ఉందని ఆ వసారాలో, ఆ నవ్వుల మధ్య తెలిసింది.

గోడ వైపు చూసింది. గంగామణి చేతులు ఆగిపోయి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే వాకిట్లో మోటారుసైకిలు ఆగింది.

నవ్వులు తెగిపోయాయి. కొంగులు సర్దుకున్నారు. వచ్చింది టేకేదారు విఠల్. తెల్లచొక్కా, నుదుట బొట్టు, నోట్లో వక్కపొడి. చూస్తే పాపం దేవుడి గుళ్లోంచి వస్తున్నాడనిపిస్తుంది.

"ఏందమ్మా, సినిమానా? నన్ను జూడనియ్యరా?"

రాజుబాయి చేతిలోంచి ఫోను అతని చేతిలోకి పోయింది. ప్రవళికకు పైప్రాణాలు పైనే పోయాయి. నాలుగోది నడుస్తోంది. ఇక ఉన్నవి మూడే. ఆపా వైపు చూసింది. ఆపా నర్సవ్వ చాటలోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టి చూస్తోంది, ఆ ఫోను తనది కానట్టు.

"గిది మా సత్తెమ్మ" అన్నాడు విఠల్. "అవునా కాదా?"

"అవు" అంది సత్తెమ్మ మెల్లగా.

"ముఖం జూసి నేనెవర్ని గుర్తువడత మేడమ్?" అన్నాడు ప్రవళికతో, నవ్వుతూనే. "నా ముంగట అందరూ తలకాయలు వంచుకునే ఉంటరు. చేతులే నాకు ఎర్క. నిద్రల లేపి అడిగినా చెప్త."

బొటనవేలితో తెర జరిపాడు. ఐదోది. "భూదేవి" అన్నాడు, చూసీ చూడకముందే.

ఇక ఆరోది.

ప్రవళిక లేచి ఫోను లాక్కోవాలనుకుంది, లాక్కుంటే అక్కడేదో ఉందని తానే చెప్పినట్టవుతుంది. గంగామణి ఇటే చూస్తోంది. ముఖం చూపించనని ఒట్టు వేసిన రోజున కూడా ఆమె అలాగే సూటిగా చూసింది. ఆ చూపుకు ప్రవళిక తల దించుకుంది.

విఠల్ బొటనవేలు జరిగింది.

"ఇదెవరు?" అన్నాడు.

ఫోను కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇది మనోళ్లది కాదు. ఓయబ్బ, గిట్ల చుడితే కుక్క కూడా తాగది. ఈమెకు నేను ఆకియ్య!"

అవి ప్రవళిక చేతులు. ఆడవాళ్లు నవ్వారు, అతను నవ్వాడు, ఆపా కూడా నవ్వింది. ముక్కలు అయిపోయాయి. ఉన్నవి ఆరే. గంగామణిది ఆపా ముందే తీసేసింది.

విఠల్ ఫోను తిరిగి ఇవ్వబోయి ఆగాడు. చూపు గోడ దగ్గరికి పోయింది.

"అందరియి తీసిన్రు. గంగామణియి తియ్యలేదేం?"

"ఆమె ఒద్దన్నది" అంది ఆపా, ఆకును చాటలో పెడుతూ. "బతిమిలాడినా ఒప్పుకోలే."

"నాకు సిగ్గు" అంది గంగామణి తల ఎత్తకుండా. ఆ వెంటనే చేతులు కదిలాయి, ఎప్పటిలాగే.

"మంచిదే" అన్నాడు విఠల్. ఫోను ఆపా ఒళ్లో పెట్టి ప్రవళిక వైపు తిరిగాడు. "మీదే ఊరు మేడమ్? జగిత్యాలనా? ఎవరి బిడ్డవు?"

తండ్రి పేరు చెప్పింది. చెప్పక తప్పలేదు. "ఆ, ఎర్కే" అన్నాడు. బండి వెళ్లిపోయింది.

ఊరి చివర తుమ్మచెట్టు దాకా నడిచి ప్రవళిక కూలబడింది. పొద్దున తాగిన చాయ్ కక్కేసింది. ఆపా సీసాలో నీళ్లిచ్చి, నోరు కడుక్కునేదాకా ఊరుకుంది.

"ముందే చెప్పొచ్చు కదా ఆపా, అది తీసేసిన్రని" అంది ప్రవళిక. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆయన వస్తడని మీకు తెలుసా?"

"తెల్వది. నాకూ చెమటలు పట్టినయి."

"నేను చచ్చిపోయిన ఆపా ఆ ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలే కదా బేటా" అంది ఆపా.

ప్రవళిక ముఖం తుడుచుకుని లేచి, బస్సు వైపు కాకుండా మళ్లీ ఊరి వైపు నడిచింది. ఆపా చెట్టు కిందే ఉండిపోయింది.

గంగామణి బువ్వకు ఇంటికి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. తలుపు దగ్గరికి వేసి, పీట జరిపి, మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. పని ఆపి మాట్లాడడం ఆమెకు రాదు.

ప్రవళిక ఉన్నదున్నట్టు చెప్పింది. సినిమాలో నీ ముఖం లేదు, నీ చేతులున్నాయి. పన్నెండు నిమిషాలున్నాయి. శనివారం అందరి ఫోన్లలోకీ వస్తుంది. ఆయన చూస్తే గుర్తుపడతాడు. నాకు తెలియలేదు. నాకు తెలిసి ఉండాల్సింది.

గంగామణి చేతులు ఆగాయి. వాటిని తిప్పి చూసుకుంది, అరచేతులూ వేళ్లూ, ఎవరివో చూసినట్టు. తర్వాత చాట కింద పెట్టి రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

ఎనిమిది నెలల్లో ఆ చేతులు కనబడకుండా ఆమెను చూడడం ప్రవళికకు అదే మొదలు.

"ఆపేస్త అక్కా. సినిమానే ఆపేస్త."

"ఆపుతవా?" గంగామణి గొంతు పైకి లేచి, తనకు తానే భయపడి, కిందికి దిగింది. "పదకొండేండ్లకు నోరు తెరిచిన. నా పెనిమిటికి చెప్పలే, నా తల్లికి చెప్పలే, నీకు చెప్పిన. ఆపుతవా?"

"మరేం చెయ్యమంటవు?"

గంగామణి చాలా సేపు తలుపు సందులోంచి వాకిలి చూసింది.

"నా చేతులు తీసెయ్. మాట ఉంచు."

"గొంతు మార్చినా నీ మాట తీరు పట్టేస్తడు అక్కా. మాట ఎవరు చెప్పాలె?"

"నువ్వు చెప్పు. నీ గొంతుతోని, నీ ముఖం పెట్టి చెప్పు. ముప్పై మందిమి ఉన్నం, అందర్నీ ఆ గదిలకు పిలిచిండు. ఇది ఎవరి మాట అని పట్టుకుంటడు? నువ్వయితే ఒక్కదానివే కనవడతవు." కాస్త ఆగి అడిగింది. "చెప్తవా?"

ప్రవళికకు జగిత్యాలలో తమ ఇల్లు కళ్లలో మెదిలింది. పొద్దున్నే వాకిలి చల్లే అమ్మ. పేరు చెప్పగానే 'ఎర్కే' అన్న ఆ గొంతు. చెప్తానన్న మాట వెంటనే రాలేదు. ఆ సంగతి దాచి లాభం లేదు, నిజంగానే రాలేదు. గంగామణి తొందర పెట్టలేదు. కొంగు కింద చేతులు పెట్టుకుని కూర్చునే ఉంది.

"చెప్త" అంది చివరికి.

మర్నాడు పొద్దున రజియా ఆపా తన ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసింది. ప్రవళిక కూర్చుంది. మూడేళ్లలో ఎంతోమందిని అలాంటి కుర్చీల్లో కూర్చోబెట్టింది. 'ఏం కాదమ్మా, మామూలుగా మాట్లాడు' అని ఎంత తేలిగ్గా అనేదో గుర్తొచ్చి సిగ్గుపడింది. ఒళ్లో గంగామణి మాటలు రాసుకున్న కాగితాలు. వెలుగు నేరుగా ముఖం మీద పడుతోంది.

ఆపా కెమెరా వెనక వంగి చూసింది. కుర్చీ కొంచెం ముందుకు జరపమంది. నుదుటి మీద జుట్టు తీసెయ్యమంది. ముఖం పూర్తిగా కనబడాలంది.

ప్రవళిక కాగితం అందుకుంది.

"ఆపా, భయమైతుంది."

ఆపా కెమెరాలోంచి కన్ను తీయలేదు.

"ఆఁ" అంది. "ఇప్పుడు చెప్పు."