రేవు పేజీ చిరునామా

గోదావరి లంకల వాళ్లకు వరద సమాచారం అందించే ఒక సేవాసంస్థకు అమలాపురంలో వెబ్‌సైట్ చూసే ముక్తేశ్వర్ అనే యువకుడు ఉండేవాడు. పనిమంతుడే గాని, కంటికి నచ్చని పేరును మార్చేదాకా అతని చేతులు ఊరుకునేవి కావు.

ఎండాకాలంలో ఒకరోజు అతను ‘పడవలు ఎక్కే రేవులు’ అనే పేజీ తెరిచాడు. దాని చిరునామా పొడుగ్గా, వికారంగా ఉందనిపించింది. చెరిపేసి పొట్టిది పెట్టాడు. ఆ సైట్‌ను మొదటినుంచీ కట్టుకొచ్చిన సుభాషిణి పక్కనే ఉండి అది చూసింది.

“ఊళ్ల పేజీలన్నీ ఆ పాత చిరునామాకే లింకయి ఉన్నాయి బాబూ. అది నొక్కినవాళ్లు కొత్తదానికి చేరేలా చూశావా?” అని అడిగింది.

“ఇప్పుడు వరదలెక్కడివి మేడమ్? తీరిగ్గా చూస్తాను” అన్నాడు. ఆ తర్వాత ఆ మాటే మరిచిపోయాడు.

శ్రావణంలో గోదావరి పోటెత్తింది. ఒక ఉదయం అతని అక్క కనకరత్నం ఫోన్ చేసింది. ఆమె ఒక లంకలో బడి పంతులమ్మ.

“ఒరేయ్, నీళ్లు వీధిలోకి వచ్చేశాయి. మీ సైట్‌లో మా ఊరి పేజీ తెరిచి రేవు కోసం నొక్కితే ‘పేజీ దొరకలేదు’ అంటోంది. పిల్లల్ని తీసుకుని పాత రేవుకే బయల్దేరాం” అంది.

ముక్తేశ్వర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. పాత రేవు గట్టు కోసుకుపోతోందని, పడవలు తూర్పు రేవుకు మారాయని ఆ పేజీలో రాసింది తనే.

“అక్కా, అటు వెళ్లకు” అన్నాడు. అవతల నీటి హోరు వినిపించింది. లైను తెగిపోయింది. మళ్లీ మళ్లీ చేశాడు. కలవలేదు.

వెంటనే పాత చిరునామాను కొత్తదానికి కలిపాడు. లింకు పనిచేసింది, అక్క ఫోన్ మాత్రం పలకలేదు. తూర్పు రేవులోని పడవవాళ్లకు ఫోన్ చేసి అడిగాడు. ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదన్నారు. ఫోన్ మోగితే ఎత్తడానికి భయం, మోగకపోతే ఇంకా భయం.

పొద్దు వాలే వేళకు తెలియని నంబరు నుంచి అక్క గొంతు వినిపించింది.

“బతికే ఉన్నాంరా. మా కళ్లముందే గట్టు విరిగిపడింది. ముందు నడుస్తున్న వెంకమ్మత్త నీళ్లలో పడితే తాడు విసిరి లాగాం. ఆవిడ చెయ్యి విరిగింది. వెనక్కి పరుగెత్తి బడి మేడ ఎక్కితే పడవ వచ్చింది” అంది.

మర్నాడు అతను ఆసుపత్రికి వెళ్లి, తప్పు తనదేనని వెంకమ్మతో చెప్పాడు.

“మా ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయని మాకేం తెలుసు నాయనా” అంది ఆ ముసలామె. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తిరిగొచ్చి సుభాషిణి పక్కన కూర్చుని, చేత్తో రాసిన లింకులన్నీ తీసేశాడు. సైట్‌లో ప్రతి పేజీకీ మారని సంఖ్య ఒకటి ఉంటుంది. లింకులను దానికే కట్టాడు. ఇక పేరు మారినా దారి తప్పదు. అయినా ఏ పేరు ముట్టుకోవాలన్నా, దానిమీద ఆధారపడిన పేజీలేవో ముందు చూసుకునేవాడు.

నీతి: నలుగురూ నడిచే దారిని మార్చినవాడు, పాత దారిన వచ్చేవాళ్లను కొత్త దారిలో పెట్టాకే పని ముగిసిందనుకోవాలి.