చుక్క మెడలో మూరెడు తాడు

అనగనగా అడవి అంచున, వెదురుపొదల పక్కన ఒక గూడెం. అక్కడ జంతువుల మాటలు మనుషులకు అర్థమయ్యేవి. కానీ అందరూ చెవిన పెట్టేవాళ్లు కాదు.

ఆ గూడెంలో సింగమ్మ బుట్టలు అల్లేది. ఆమెకు ఒక మేక, చుక్క అనే కుక్క ఉండేవి. కట్టేసి ఉంచితేనే కుక్క బాగా కాపలా కాస్తుందని సింగమ్మ నమ్మకం. అందుకే చుక్కను వాకిట్లో గుంజకు కట్టేసింది. తాడు మూరెడే.

మొదట, మెడ ఒరుసుకుపోతోందని చుక్క చెప్పింది. చేతిలో బుట్ట అయ్యాక చూస్తానంది సింగమ్మ. బుట్ట అయింది, ఇంకోటి మొదలైంది. తర్వాత, పిల్లలు చింతపిక్కలతో కొడుతున్నారని, తప్పుకోవడానికి చోటు లేదని చెప్పింది. చిన్నపిల్లలు, ఆడుకోనీ అంది సింగమ్మ.

మూడోసారి చుక్క మెల్లగా అంది. "అమ్మా, ఈమధ్య ఎవరు దగ్గరికొచ్చినా భయమేస్తోంది. భయమేస్తే నా పళ్లు నా మాట వినవు."

సింగమ్మ నవ్వి ఊరుకుంది.

మర్నాడు పొరుగింటి పైడి వచ్చింది. ఆరేళ్ల పిల్ల. దానికి చుక్కంటే ప్రాణం. చుక్క గంజి తాగుతుంటే వెనకనుంచి వెళ్లి మెడ వాటేసుకుంది. చుక్క ఉలిక్కిపడి తిరిగింది. పైడి చేతిమీద రెండు పళ్లు దిగాయి.

పిల్ల ఏడుపుకి గూడెమంతా వచ్చింది. కుక్కను అడవిలోకి తరిమేయమన్నారు. చుక్క తల వంచుకుని నిలబడింది. అప్పుడు మేక ముందుకొచ్చింది.

"చుక్క మూడుసార్లు చెప్పింది సింగమ్మా. నేను విన్నాను. నువ్వూ విన్నావు."

సింగమ్మ గూడెం వాళ్లవైపు తిరిగింది. "కరిచింది చుక్కే. కరిచేదాకా తెచ్చింది నేను. దీన్ని పంపను. నా తప్పు దిద్దుకుంటాను."

వెంటనే పైడి చేతిని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద చాలాసేపు కడిగింది. తల్లిని వెంటబెట్టుకుని పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు చెప్పిన సూదులన్నీ, ఒక్కటీ తప్పకుండా, దగ్గరుండి వేయించింది. తర్వాత చుక్కను పశువుల డాక్టరుకు చూపించి, ఏటా వేయించాల్సిన టీకా సంగతి అడిగి తెలుసుకుంది. తాడు విప్పేసి, వాకిలి చుట్టూ వెదురు దడి కట్టింది. పొద్దున్నే చుక్కను వాగుదాకా నడిపించసాగింది.

చుక్క మళ్లీ తోక ఊపడం మొదలుపెట్టింది. ఒకరోజు పిల్లలందరినీ దడి బయట కూర్చోబెట్టి చుక్కే వాళ్లకు పాఠం చెప్పింది. తినేటప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లల తల్లిగా ఉన్నప్పుడు కుక్క జోలికి పోకూడదంది. ముట్టుకునేముందు పెంచేవాళ్లను అడగాలంది. కొత్త కుక్క మీదికొస్తే పరుగెత్తకుండా, అరవకుండా, చెట్టులా నిలబడాలంది. పిల్లలు అక్కడికక్కడే చెట్లయిపోయారు. ఒక చెట్టుకు నవ్వాగలేదు.

చేయి మానాక పైడి వచ్చి దడి దగ్గరే ఆగింది.

"సింగమ్మత్తా, చుక్కను ముట్టుకోనా?"

సింగమ్మ చుక్కవైపు చూసింది. చుక్క గిన్నెలోంచి తలెత్తింది.

"గంజి తాగుతున్నా. అయ్యాక రమ్మను."

పైడి బుద్ధిగా అక్కడే చతికిలబడింది. చుక్క గిన్నె అడుగుదాకా నాకి, మూతి తుడుచుకుని, సింగమ్మ దడి తలుపు తీయగానే తనే నడిచి వచ్చి పైడి పక్కన కూర్చుంది.

నీతి: పెంచేవాళ్లు కుక్క బాధ పట్టించుకోవాలి, పిల్లలు కుక్క దగ్గర మెలగడం నేర్చుకోవాలి. అప్పుడే కుక్కకూ పిల్లలకూ భయం ఉండదు.