రాగి రాజుగారి తీర్థం

ఒకానొక రాజ్యం ఉండేది, దాని పేరు తామ్రపురి. మా ముత్తవ్వకి ముత్తవ్వ కళ్లారా చూసి చెప్పింది కాబట్టి ఇందులో అబద్ధం ఆవగింజంత కూడా లేదు. ఉన్నా ఆవగింజంతే.

ఆ రాజు తామ్రకేతుడు. ఆయన సింహాసనం మీద కూర్చుంటే మీసాల కొసలు పక్క ఊరి పొలిమేరలో కూర్చునేవి. గర్వం ఇంకో రెండు ఊళ్లు దాటేది. రాగి అంటే పిచ్చి. కోట ముందు తన బొమ్మనే తాటిచెట్టంత ఎత్తున రాగితో పోత పోయించుకున్నాడు.

ఒకనాడు సభలో గంధకపు గడ్డనీ, బొగ్గునీ, రాగి ముద్దనీ పెట్టించి సుత్తితో కొట్టించాడు. గంధకం పొడి అయింది. బొగ్గు ముక్కలైంది. రాగి మాత్రం ఖంగుమని మోగి రేకులా సాగింది.

"చూశారా! లోహమంటే ఇదీ. మెరుస్తుంది, మోగుతుంది, కొట్టినకొద్దీ సాగుతుంది. రాజజాతి! అలోహాలు ఒక్క దెబ్బకే పిండి. బానిస జాతి!"

"చిత్తం ప్రభూ," అన్నాడు ఆస్థాన హాస్యగాడు సోమిదేవయ్య. "కానీ కొలిమిలో ఈ బొగ్గు లేకపోతే రాగి రాతిలోంచి బయటికే రాదు. పురుడు పోసిన మంత్రసానిని పట్టుకుని బానిస అంటున్నారు తమరు."

సభ నవ్వింది. రాజు నవ్వలేదు. ఆ మంటతోనే ఆజ్ఞ వేశాడు.

"రాగి గిన్నెల లోపల తగరం కళాయి పూస్తున్నారట. రాజు ముఖానికి ముసుగా? గీకి పారేయండి! రాగిని ఎవడు నిందించినా నాలుక కోయిస్తాను."

కళాయి వేసేవాళ్లు కాళ్లావేళ్లా పడ్డారు. "పులుపు తగిలితే తగరం ఓర్చుకుంటుంది గానీ రాగి ఓర్చుకోదు దొరా" అన్న ముసలాయన నాలుక అక్కడికక్కడే పోయింది. మిగతావాళ్లు కొలిమి తిత్తులు భుజాన వేసుకుని రాజ్యం వదిలిపోయారు.

ఆ తరువాత కళాయి లేని గిన్నెల్లో చింతపండు పులుసు మరిగింది. పులుపు రాగిని కొరికింది. కొరికిందంతా పులుసులో కలిసింది. వీధి వీధంతా వాంతులు. చివరికి పుట్టినరోజు విందులో, సామంతులందరి ముందూ రాజుగారే కక్కుకున్నారు. ఆ చప్పుడుకి ఏనుగులు గొలుసులు తెంపుకున్నాయంటే నమ్మండి.

"వంటమనిషి విషం పెట్టింది! రేపు మధ్యాహ్నం నా బొమ్మ ముందే తల తీయండి!"

ఆ వంటమనిషి నాంచారమ్మ. రాజుగారు గోరుముద్దలు తిన్నది ఆవిడ చేత్తోనే.

సోమిదేవయ్య చెరసాలకి వెళ్లాడు. ఇక్కడి నుంచి నేను పెంచి చెప్పడం లేదు. చెప్పబుద్ధి కావడం లేదు.

"అక్కా, నువ్వేం చేయలేదని నాకు తెలుసు."

"నాకు తెలియడం లేదు తమ్ముడూ." ఆవిడ తన అరచేతులకేసే చూసుకుంటోంది. "అదే చింతపండు, అదే ఉప్పు, అదే చేయి. ఎవరికి వడ్డిస్తే వాళ్లు పడిపోయారు. నా చేతిలోనే విషం పుట్టిందేమో. తల తీస్తే తీయనీ. ఇంకెవరికీ వడ్డించకుండా పోతాను."

సోమిదేవయ్య ఊచలు పట్టుకుని లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే తన నాలుక పోతుంది, ఆవిడ తల ఎలాగూ పోతుంది. నేరం రాగిదని రాజు నోటితో రాజే అనాలి. అది జరిగే పని కాదనిపించి, బయటికొచ్చి కోట మెట్ల మీద కూలబడ్డాడు. ఎదురుగా రాజుగారి రాగి బొమ్మ నల్లగా మకిలి పట్టి ఉంది.

లేచి సభకి పరిగెత్తాడు.

"ప్రభూ! రేపు జనమంతా వస్తారు. తమరి బొమ్మ చూస్తే మసిపట్టిన కుండలా ఉంది. దేవుడికి చేసినట్టు అభిషేకం చేయిద్దాం."

రాజు మీసాలు లేచి నిలబడ్డాయి. "చేయించు!"

సోమిదేవయ్య బస్తాలకొద్దీ చింతపండు పిసికించి, ఉప్పు కలిపి, అందులో ముంచిన గుడ్డలు బొమ్మకి చుట్టించాడు. మర్నాడు మధ్యాహ్నం గుడ్డలు విప్పితే బొమ్మ కొత్త పెళ్లికొడుకులా మెరిసింది. గుడ్డలు పిండిన నీళ్లని మట్టి కుండలోకి పట్టి, ఉద్ధరిణితో రాజుగారి ముందు వంగాడు.

"తీర్థం పుచ్చుకోండి ప్రభూ. తమరిదే."

రాజు చేయి చాచి, చూసి, వెనక్కి లాక్కున్నాడు. నీళ్లు పచ్చగా, నెమలి మెడలా ఉన్నాయి.

"ఏమిట్రా ఇది?"

"చింతపండు, ఉప్పు. నాంచారమ్మ పులుసులో ఉన్నవే."

"చింతపండు ఈ రంగులో ఉంటుందా! ఇది తాగితే చస్తాను! ఇందులో విషం ఎవడు కలిపాడు?"

"అదే నేనూ వెతుకుతున్నాను. నాంచారమ్మ రాత్రంతా చెరసాలలోనే ఉంది. మట్టి కుండని అనడానికి లేదు, పులుపుకి అది చలించదు. ఇక ఆ గుడ్డలు తాకింది ఒక్క తమరినే." తల వంచాడు. "తమరిని నిందించే నాలుక నాకు లేదు ప్రభూ. తమరే సెలవివ్వండి, ఎవరి తల తీద్దాం?"

కత్తి పట్టినవాడు బొమ్మకేసి చూశాడు. జనం చూశారు. తామ్రకేతుడు తన రాగి ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"రాగి," అన్నాడు చిన్నగా. "రాగే కలిపింది."

ఆపైన నవ్వాడు. సిగ్గుతో మొదలైన నవ్వు గట్టిపడి మీసాలని ఊపింది. "ఓరి దొంగా! నా నేరం నా నోటే చెప్పించావు కదరా!" తన మెడలోని హారం తీసి సోమిదేవయ్య మెడలో వేశాడు. నాంచారమ్మని విడిచిపెట్టి, కళాయివాళ్లని పిలిపించమన్నాడు. మనుషులైతే వెళ్లారు. అందరూ తిరిగి రాలేదు. నాలుక పోయిన ముసలాయన అసలు రాలేదు.

ఆ సాయంత్రం సోమిదేవయ్య నాంచారమ్మ ఇంటికి వెళ్లి, "అక్కా, ఆకలేస్తోంది, పులుసు పెట్టు" అన్నాడు. ఆవిడ మట్టి దాకలో వండింది. వడ్డించింది. గోడ వారగా కూర్చుని ఆయన తినే ప్రతి ముద్దనీ చూసింది. ఆయన విస్తరి మడిచినా చూపు తిప్పలేదు. వాంతి ఎప్పుడవుతుందా అని అలా చూస్తూనే ఉంది.