రంగు కాగితంలో పుస్తకం

ఓదేలు పుస్తకం వచ్చిన నాటి నుంచి రాజేశానికి తిన్నది ఒంటపట్టడం లేదు.

ఇద్దరూ జగిత్యాల పక్కన మఠంలో ఉండే నాంపెల్లి దాసుగారి శిష్యులే. ఇద్దరూ తత్వాలు కట్టేవాళ్ళే. రాజేశం వయసులో పెద్ద, మఠానికి కూడా ముందొచ్చినవాడు. ఇద్దరి పుస్తకాలూ ఒకే నెలలో అచ్చయ్యాయి. తన సభకు ఎవరైనా పెద్దాయనను పట్టుకొద్దామని రాజేశం గడపగడపా తిరుగుతుంటే, ఓదేలు చడీచప్పుడూ లేకుండా తన సభ కానిచ్చేశాడు. ఇంకేముంది! బస్టాండులో ఫ్లెక్సీ, పేపర్లో ఫొటో, శాలువాల మీద శాలువాలు. ఫోను తెరిస్తే ఓదేలు మొహమే. రాజేశం పుస్తకాలేమో కట్టలు కట్టలుగా మంచం కింద పడి ఉన్నాయి.

తన పుస్తకాలు ప్రెస్సు నుంచి వచ్చిన రోజే ఓదేలు ఒకటి పట్టుకొని రాజేశం ఇంటికి వచ్చాడు. రంగు కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి మరీ తెచ్చాడు.

"చదివి ఎట్లున్నదో చెప్పన్నా" అన్నాడు.

రాజేశం నవ్వుతూనే అందుకున్నాడు. ఓదేలు వీధి మలుపు తిరిగాడో లేదో, దాన్ని బీరువా మీద గిరాటేశాడు.

కడుపుమంట ఎన్నాళ్ళని దాగుతుంది? ఒకనాడు పొద్దున్నే మఠానికి పోయి గురువు ముందు కూలబడ్డాడు. దాసుగారు తంబూరకు కొత్త తీగ బిగిస్తున్నారు.

"అయ్యా, నేను మీ దగ్గర ఎన్నేండ్ల నుంచి ఉన్న! నిన్న గాక మొన్నొచ్చిన ఓదేలును నెత్తిన పెట్టుకుంటున్రు. నన్ను అడిగే దిక్కే లేదు."

"పుస్తకం ఎట్లున్నది?"

"ఏముంటది అయ్యా? మీరు చెప్పిన ముచ్చట్లే అటు తిప్పి ఇటు తిప్పి రాసిండు."

"ఏ తత్వంల?"

రాజేశం మాట మార్చాడు. "నా పుస్తకాన్ని మీ చేతుల మీదుగా బయటికి తేవాలయ్యా. మీరొస్తే చాలు."

దాసుగారు సభలకు పోయే మనిషి కాదు. ఓదేలు పిలిచినా పోలేదు. కాదంటారని రాజేశం లోపల భయపడుతూనే ఉన్నాడు.

"అట్లనే. వస్త" అన్నారాయన.

రాజేశం కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇప్పుడు చూడాలి ఓదేలు మొహం! ఓదేలు ఫ్లెక్సీకి రెట్టింపు ఫ్లెక్సీ వేయించి, సరిగ్గా దాని మీదే, ఓదేలు మొహం కనపడకుండా కట్టించాడు. స్వయంగా పోయి ఓదేలును పిలిచి, ముందు వరసలో కుర్చీ అట్టిపెట్టాడు. అతను దగ్గరి నుంచి చూసి కుళ్ళుకోవాలి కదా మరి.

దాసుగారు వస్తున్నారని తెలిసి ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. వెండి పళ్ళెంలో రంగు కాగితం చుట్టిన పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఈ సభల తంతు అందరికీ తెలిసిందే. పెద్దమనిషి కాగితం చింపుతాడు, పుస్తకాన్ని గుండెలకు ఆనించి పట్టుకుంటాడు, పక్కవాళ్ళు పళ్ళు కనపడేలా నవ్వుతారు, ఫొటో పడుతుంది. ఆ తర్వాత పుస్తకం ఎటు పోయిందో ఎవరికీ పట్టదు.

దాసుగారు కాగితాన్ని చింపలేదు. ముడి విప్పి, మడతపెట్టి పక్కన పెట్టారు. కళ్ళద్దాలు తగిలించుకొని మొదటి పేజీ తెరిచారు.

"అయ్యా, జర ఇటు చూడున్రి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఆగు బిడ్డా, చదువుతున్న."

జనం నవ్వారు. ఆయన పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. కాసేపటికి దగ్గులు మొదలయ్యాయి, ఫోన్లు బయటికి వచ్చాయి. బయట మిర్చీలు వేగుతున్న వాసన రాగానే వెనక వరసలు లేచాయి. రాజేశం ఉండబట్టలేకపోయాడు. వంగి గురువు చెవిలో గుసగుసలాడాడు.

"అయ్యా, మీ కాల్మొక్త. ఇంటికి పోయినంక చదువుకోవచ్చు గద. జనం లేచి పోతున్రు."

దాసుగారు కళ్ళద్దాల మీదుగా వింతగా చూశారు. "మరి చదువుమని కాదా బిడ్డా నువ్వు అచ్చు వేసింది?"

ఆయన మళ్ళీ తల దించారు. ఫొటోగ్రాఫరు ఎక్కడో పెళ్ళికి పోవాలని కెమెరా సర్దుకున్నాడు.

రాజేశానికి ఏడుపొక్కటే తక్కువ. ఓదేలు ఎంత నవ్వుకుంటున్నాడో అని ముందు వరస వైపు చూశాడు. ఓదేలు అసలు అతని వైపు చూడటం లేదు. పంచిపెట్టిన పుస్తకం ఒళ్ళో పెట్టుకొని పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. ఉన్నట్టుండి సన్నగా రాగం అందుకున్నాడు. గురువు తల ఎత్తకుండానే పళ్ళెం అంచు మీద వేలితో తాళం వేశారు.

అది రాజేశం కట్టిన తత్వమే. ఇంకొకరి నోట దాన్ని అతను వినడం అదే మొదలు. ఇంత బాగుంటుందని అతనికే తెలియదు.

ఖాళీ కుర్చీల మధ్య పాట అయిపోయింది. దాసుగారు పుస్తకం మూసి కళ్ళకు అద్దుకున్నారు.

"మంచిగ రాసినవ్ రాజేశం. ఇగ ఓదేలుది గూడ తే, చదువుదాం. నా పుస్తకం ఏడిదిరా అని నేనడిగితే, మొదటిది అన్న చేతిలనే పెట్టిన, అన్న చదివి బాగున్నదంటేనే మీకిస్త అన్నడు. నువ్వు ఇంతదాంక ఏం చెప్పకపోతివట."

ఇల్లు పక్క వీధిలోనే. అయినా పోయి రావడానికి రాజేశానికి చాలాసేపే పట్టింది. దుమ్మును చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి, పుస్తకాన్ని పళ్ళెంలో పెట్టాడు.

రంగు కాగితం అట్లాగే ఉంది. ఎర్ర రిబ్బను ముడి అట్లాగే ఉంది. ఓదేలు దాన్ని చూశాడు, చూసి తల వంచుకున్నాడు.

దాసుగారు పళ్ళేన్ని మెల్లగా రాజేశం వైపు జరిపారు.

"విప్పు బిడ్డా. ఫొటోలు తీసేటోడు పోయిండు."