ధాన్యవతి పూడ్చిన మూడు తాటాకులు

అనగనగా... అంటే నిన్నా మొన్నా కాదర్రా, మృగాలకు కూడా న్యాయస్థానాలూ వకీళ్లూ ఉన్న రోజుల్లో, కుంకుమవనం అని ఒక అడవి ఉండేది. దాన్ని ఒక సింహరాజు ఏలుతుండేవాడు.

ఆ వనంలో ఒక కట్టుబాటు ఉంది. రాజుగారి కొలువులో ఏ జాతి తరఫున మాట్లాడాలన్నా న్యాయపాఠశాలలో చేరినవాళ్లే మాట్లాడాలి. చేరిన రోజు నుంచే ఆ హక్కు వస్తుంది. చేరనివాళ్లు ఎంతటివాళ్లయినా సరే, కొలువు బయట నోరు మూసుకుని కూర్చోవలసిందే.

కోతుల్లో వకీళ్లున్నారు. కొంగల్లో ఉన్నారు. ఆఖరికి గబ్బిలాల్లో కూడా ఒకాయన ఉన్నాడు, తలకిందులుగా వేలాడుతూనే వాదిస్తాడు. ఎలుకల్లో మాత్రం ఒక్కరంటే ఒక్కరు లేరు.

లేకపోతే ఏమయిందీ అంటారా? కొంప మునిగింది! అడవిపందులన్నీ కలిసి రాజుగారికి ఫిర్యాదు పెట్టాయి. "ఎర్రమిట్ట మీద ఎలుకలు దారి పొడుగునా బొరియలు తవ్వుతున్నాయి ప్రభూ. మా కాళ్లు ఇరుక్కుని విరుగుతున్నాయి. వాళ్లను మిట్ట మీద నుంచి పిల్లా జెల్లాతో సహా వెళ్లగొట్టండి" అన్నాయి. కార్తీక పున్నమినాడు విచారణ అని చాటింపు వేశారు. పాఠశాల ప్రవేశ పరీక్ష దానికి సరిగ్గా మూడు రోజుల ముందు.

ఎలుకలన్నీ గుంపుగా చేరి ఆలోచించి ఆలోచించి, చివరికి ధాన్యవతి వైపు చూశాయి. ఎందుకంటే, తాటాకు దొరికితే మిగతా ఎలుకలు కొరుకుతాయి. ధాన్యవతి మాత్రం ముందు చదివి, తర్వాత కొరుకుతుంది. ఎర్రమిట్ట మీద పండితురాలంటే ఆమే మరి!

"మా ఇల్లూ వాకిలీ నీ చేతుల్లో పెట్టాం తల్లీ" అన్నారు పెద్దలు.

 ధాన్యవతి సరేనంది.

పరీక్షలో ముప్పై ప్రశ్నలు. పద్దెనిమిది ఒప్పయితే సీటు. ప్రతి ప్రశ్నా ఒకే తీరున ఉంటుంది. ముందు ఒక నిబంధన ఇస్తారు. తర్వాత ఏం జరిగిందో చెబుతారు. ఆ నిబంధన ప్రకారం తప్పెవరిదో, అసలు తప్పుందో లేదో రాయాలి. అంతే.

వాగు ఒడ్డున మందగమనుడనే ముసలి తాబేలు ఉండేవాడు. పరీక్షకు వెళ్లేవాళ్లకు ముందుగా నమూనా పరీక్షలు పెట్టేవాడు. ధాన్యవతి వెళ్లి మొదటి నమూనా పరీక్ష రాసింది. తాబేలు దిద్ది ఇచ్చాడు.

తొమ్మిది మార్కులు! ముప్పైకి తొమ్మిది!

ధాన్యవతికి తల కొట్టేసినట్టయింది. ఆ తాటాకు చంకలో పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరింది. ఎర్రమిట్ట ఎలుకలకు తాతల నాటి నుంచీ ఒక అలవాటుంది. సిగ్గుపడాల్సింది ఏదైనా ఇంట్లోకి వస్తే, అన్నిటికంటే లోతైన బొరియలో పెట్టి, పైన మన్ను కప్పి, తోకతో మూడుసార్లు టపటపా కొడతారు. ఇక దాని మాట ఎవరూ ఎత్తకూడదు. ధాన్యవతి కూడా అదే చేసింది. తాటాకు పెట్టింది, మన్ను కప్పింది, మూడుసార్లు తోకతో కొట్టింది. హమ్మయ్య అనుకుంది.

తర్వాత చిలుక దగ్గరికి వెళ్లి సలహా అడిగింది.

"అంతా కంఠస్థం చెయ్యాలమ్మా, కంఠస్థం!" అంది చిలుక. "నన్ను చూడు, మూడువందల నిబంధనలు నాలుక చివర ఉన్నాయి."

ధాన్యవతి పది రోజులు తిండి ధ్యాస లేకుండా బట్టీ పట్టింది. అన్నం ముందు కూర్చుని కూడా "నిబంధన నూటపదకొండు" అంటూ గొణిగేది. మళ్లీ వెళ్లి రెండో నమూనా పరీక్ష రాసింది.

పది మార్కులు.

"పాత ఆకు తెచ్చావా అమ్మాయ్? రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు తాబేలు.

"అదీ... ఎక్కడో పోయింది తాతగారూ" అని నీళ్లు నమిలింది ధాన్యవతి. కొత్త ఆకు కూడా బొరియలోకి పోయింది. టప్, టప్, టప్!

ఈసారి కుందేలును అడిగింది.

"నువ్వు మరీ ఆలోచిస్తున్నావు. వేగం కావాలి, వేగం! ప్రశ్న సగం చదవగానే జవాబు రాసెయ్యాలి" అంది కుందేలు. ఆ మాట అంటూనే అటు దూకి మాయమైపోయింది.

ధాన్యవతి మూడో నమూనా పరీక్ష ఉరుకులు పరుగుల మీద రాసింది. అందరికంటే ముందు లేచి నిలబడింది కూడా. మార్కులెన్నో తెలుసా? ఎనిమిది! ఏమర్రా, నవ్వకండి. పాపం, ఆమె పరిస్థితిలో మీరుంటే తెలిసేది.

ప్రవేశ పరీక్ష ఇక వారం రోజుల్లోకి వచ్చింది. మూడో ఆకును కూడా పూడ్చేసి, ధాన్యవతి వాగు ఒడ్డుకు వెళ్లింది.

"తాతగారూ, నా వల్ల కాదు. నా బదులు ఇంకెవరినైనా పంపమని మావాళ్లకు చెప్పేస్తాను" అంది. 

"దానికేం, చెప్పొచ్చు" అన్నాడు మందగమనుడు నింపాదిగా. "ఆ మూడు ఆకులూ ఎక్కడున్నాయి?"

"పోయాయి..." అనబోయి ఆగిపోయింది ధాన్యవతి. ఆ ముసలి కళ్లలోకి చూస్తూ ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "లేదు తాతగారూ. పోలేదు. సిగ్గేసి పూడ్చేశాను. మూడూ పూడ్చేశాను."

కోప్పడతాడనుకుంది. తాబేలు డొప్ప కదిలిపోయేలా నవ్వాడు.

"ఓసి పిచ్చిపిల్లా! పూడిస్తే పూడ్చావులే. ఎలుకవు కదా, తవ్వడం నేను నేర్పాలా? వెళ్లి తవ్వి తీయి. ఒప్పులు వదిలెయ్యి. తప్పులు మాత్రం పైకి చదువు. ఎవరైనా వింటుండగా చదువు."

ధాన్యవతి పరుగున ఇంటికొచ్చి తవ్వడం మొదలుపెట్టింది. అది చూసి అమ్మమ్మ జొన్నమ్మ లబలబలాడింది.

"ఒసే ఒసే! పూడ్చింది తవ్వుతారటే ఎవరైనా? మన ఇంటావంటా ఉందా?"

"లేదు అమ్మమ్మా. అందుకే మనలో వకీలు కూడా లేడేమో. ఇలా కూర్చుని కాస్త విను."

మట్టి దులిపి, మూడు ఆకులూ ఎండలో పరిచి, మొదటి తప్పు చదివింది. "నిబంధన: పగటివేళ పాలకుండ ముట్టినవారు దోషులు. జరిగింది: పిల్లి తెల్లవారకముందే పాలకుండ ముట్టింది. నేను రాసిన జవాబు: పిల్లి దోషి."

"భేషుగ్గా రాశావు!" అంది అమ్మమ్మ. "పిల్లి దోషి కాకపోతే ఇంకెవరు?"

ధాన్యవతి రెండో తప్పు చదివింది. అందులో పాము తన పుట్టలో తాను పడుకుని ఉంది. జవాబు: పాము దోషి.

"నా బంగారుకొండ! ఎంత బాగా రాశావే!" అంది అమ్మమ్మ.

మూడో తప్పులో గుడ్లగూబ. జవాబు: ఉరి తీయవలెను.

"ఉరి చాలదు!" అని అమ్మమ్మ చప్పట్లు కొట్టింది.

ధాన్యవతి చదవడం ఆపేసింది. నాలుగో తప్పు చూసింది, పదో తప్పు చూసింది, మూడు ఆకుల్లోని తప్పులన్నీ గబగబా తిరగేసింది. పిల్లి, పాము, గుడ్లగూబ. మళ్లీ పిల్లి. ఎలుక ఉన్న చోట మాత్రం, అది చేయరాని పని చేసినా సరే, "పాపం, నిర్దోషి" అని రాసి ఉంది!

"అమ్మమ్మా!" అంది ధాన్యవతి. "నువ్వు మెచ్చుకున్నవన్నీ తప్పులే! నేను నిబంధన చదవలేదు. పేరు చదివాను. పిల్లి అన్న పేరు చూడగానే నా లోపల ఎలుక లేచి కూర్చుని జవాబు రాసేసింది."

"అయితే పిల్లి మంచిదంటావా?" అంది అమ్మమ్మ ముఖం మాడ్చుకుని.

"మంచిదో చెడ్డదో ఎవరడిగారు? పాలకుండ పగలు ముట్టిందా లేదా, అదే అడిగారు."

ఆ రోజు నుంచి ధాన్యవతి కొత్త పద్ధతి పట్టింది. ప్రశ్నలో పిల్లి అని ఉంటే "ఒకరు" అని మార్చి చదివేది. ఎలుక అని ఉంటే "మరొకరు" అని చదివేది. జవాబు రాశాకే పేర్లు చూసేది. రోజూ సాయంత్రం తప్పిన ప్రశ్నలను గుమ్మం పక్కన గోడకు అంటించి, వచ్చేపోయేవాళ్లకు కూడా చదివి వినిపించేది. చుట్టుపక్కలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వారం తిరిగేలోగా నమూనా పరీక్షలో పదిహేడు మార్కులొచ్చాయి. ఇంకొక్కటి తక్కువ! అయినా ఈసారి ధాన్యవతి ఆ ఆకును పూడ్చలేదు. తప్పిన పదమూడింటినీ మళ్లీ చదువుకుంటూ పరీక్షకు నడిచింది.

అసలు పరీక్షలో ఇరవై రెండు మార్కులొచ్చాయి. అవునర్రా, ఇరవై రెండు!

కానీ సీటు ఇచ్చేముందు పాఠశాల పెద్ద ధీరదంతుడనే ఏనుగు ఒక ప్రశ్న నోటితో అడుగుతాడు. అడవి జనమంతా వింటుండగా అడుగుతాడు. అమ్మమ్మ కూడా ముందు వరసలోనే కూర్చుంది.

"నిబంధన: అనుమతి లేకుండా రాజుగారి ధాన్యపు కొట్టులో అడుగుపెట్టినవారు దోషులు. జరిగింది: ఒక ఎలుక దొంగతనంగా కొట్టులోకి దూరింది. పిల్లి గుమ్మం బయటే కూర్చుంది. ఎలుక బయటికి రాగానే పట్టి తినేసింది. ఇప్పుడు చెప్పు ధాన్యవతీ. ఈ నిబంధన ప్రకారం దోషి ఎవరు?"

 పోయినేడు ధాన్యవతి అన్నయ్య అచ్చం అలాగే పిల్లి నోట పడ్డాడు. అమ్మమ్మ ఆమె వైపే చూస్తోంది. ఎర్రమిట్ట అంతా ఆమె వైపే చూస్తోంది.

ఆమె కళ్లు మూసుకుంది. ఒకరు లోపలికి వెళ్లారు. మరొకరు వెళ్లలేదు.

"లోపల అడుగుపెట్టింది ఎలుక" అంది. "ఈ నిబంధన ప్రకారం ఎలుకే దోషి. పిల్లి కాదు."

సభలో గుసగుసలు రేగాయి. ధాన్యవతి కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"సరైన జవాబే చెప్పావు కదా, ఏడుస్తావెందుకు?" అని అడిగాడు ఏనుగు.

"ఏడుపు నాది స్వామీ. జవాబు నిబంధనది."

 ధీరదంతుడు తొండంతో ఆమెను ఎత్తి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సీటు వచ్చింది.

కార్తీక పున్నమి రానే వచ్చింది. కొలువులో పందుల తరఫు కోతి వకీలు గంటసేపు ఊదరగొట్టాడు. తర్వాత ధాన్యవతి లేచి నిలబడింది.

"ప్రభూ, పందులు చెప్పింది నిజమే. వాళ్ల దారిలో మావాళ్లు నలభై బొరియలు తవ్వారు. నేనే వెళ్లి లెక్కపెట్టాను. అది మా తప్పు."

ఎలుకలు హాహాకారాలు చేశాయి. కోతి వకీలు నోరెళ్లబెట్టాడు.

"కానీ మన వనం నిబంధనలో, దారి పాడుచేసినవారు దారి బాగుచేయాలి అని మాత్రమే ఉంది. ఇల్లు వదిలిపోవాలని ఎక్కడా లేదు. ఆ నలభై బొరియలూ రేపు సాయంత్రంలోగా మేమే పూడుస్తాం. మా ఇళ్లు మాకు ఉంచండి."

సింహరాజు జూలు సవరించుకున్నాడు. "మొన్న నిండు సభలో తన జాతిదే తప్పని చెప్పిన ఎలుక ఇదేనా?" అని అడిగాడు.

"ఇదే ప్రభూ" అన్నాడు ధీరదంతుడు.

"అయితే దీని మాట నమ్మవచ్చు. ఎలుకలు ఎర్రమిట్ట మీదే ఉంటాయి. దారి బాగుచేస్తాయి" అని తీర్పు చెప్పాడు రాజు.

మర్నాడు ఎలుకలన్నీ దారిలోని బొరియలు పూడ్చడానికి బయల్దేరాయి. అందరికంటే ముందు జొన్నమ్మే నడిచింది. ఆఖరి బొరియ పూడ్చాక తోక ఎత్తి, అలవాటుగా మూడుసార్లు కొట్టబోయింది. ఏమనుకుందో ఏమో, మనవరాలి వైపు చూసి తోక దించేసింది.

"ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదులే" అంది.

ఇంతకీ ఈ కథలో నీతి ఏమిటంటారా పిల్లలూ? తప్పును దాచిపెట్టేవారు మళ్లీ అదే తప్పు చేస్తారు, దాన్ని వెలుగులో పెట్టి చూసుకునేవారే దాన్ని దాటుతారు.