మూడో పిలుపు

మీరెవరూ ఈ కథ వినలేదు. మీ అమ్మ చిన్నప్పుడు వింది గానీ, మీకు చెబితే భయపడతారని దాచింది. రేపు తెల్లవారగానే కారెక్కి అంత దూరం పోతున్నారు కదా, అందుకని ఇవాళ నేను చెబుతాను. కాళ్ళు దుప్పట్లో పెట్టుకోండి. మధ్యలో నిద్రొస్తే పడుకోండి. నేను మాత్రం చివరిదాకా చెబుతాను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నాంచారి అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు వీరాసామి. ఆ ఊళ్ళో అందరిదీ ఉప్పు బండ్ల బతుకే. చలికాలం రాగానే బండ్లకు ఉప్పు ఎత్తుకుని, కొండల అవతలి సంతలకు పోయేవారు. పిల్లల్ని ఇంటి దగ్గర వదిలిపోదామంటే చూసేవాళ్ళు ఎవరు? అందుకని పిల్లాజెల్లా, కోడీ కుండా అన్నీ బండిలోనే.

నాంచారి పెద్దకొడుకు కోటయ్య. ఒక ఏడు దారిలో ఒక మజిలీ దగ్గర బండ్లు విప్పారు. పక్కన రెల్లు, రెల్లు నడుమ మడుగు. పొద్దుగూకే వేళ ఎవరో "కోటయ్యా" అని పిలిచినట్టయింది. వాడు వస్తున్నానని రెల్లులోకి పోయాడు. అలా పోయినవాడు మళ్ళీ నడిచి రాలేదు. మడుగులోంచి ఎత్తుకొచ్చారు. పిలిచిందెవరో ఎవరూ చూడలేదు.

ముందు బండి తోలే అప్పన్న తాత, అది మడుగు దెయ్యం పని అన్నాడు. దానికి మన పేర్లన్నీ తెలుసట, మన గొంతులన్నీ వచ్చట. కానీ రెండుసార్లే పిలవగలదట. మూడోసారి పిలవడం దానికి చేతకాదట.

నాంచారి ఆ మాట కొంగున ముడేసుకుంది.

ఆ తర్వాత ఆమెకు ముత్యాలు అని కూతురు పుట్టింది. ఆ తర్వాత సోములు పుట్టాడు. ముత్యాలుకు ఏడేళ్ళు, సోములుకు మూడేళ్ళు వచ్చేసరికి నాంచారి వాళ్ళకు మూడు కాపలాలు పెట్టింది. దిష్టి తగలకుండా బుగ్గన కాటుక చుక్క. ఎక్కడున్నారో తెలియడానికి కాళ్ళకు మువ్వలు. మూడో కాపలా ఒక మాట. దారిలో ఎవరు పిలిచినా, అమ్మ గొంతైనా సరే, అయ్య గొంతైనా సరే, మూడోసారి పిలిచేదాకా పలకకూడదు.

వెనక బండి గంగులమ్మకు ఇదంతా నవ్వులాట. "నీ పిల్లలకి కట్టిన కట్లు చూసి మా ఎడ్లు జాలిపడుతున్నాయే" అనేది. నాంచారి వంగి పిల్లల మువ్వల ముడి ఇంకాస్త బిగించేది. పోయిన ఎద్దుకు బదులు ఇంకో ఎద్దును తెచ్చుకోవచ్చు.

ఆ ఏడూ బండ్లు బయల్దేరాయి. మొదటి మజిలీలో వీరాసామి పిల్లల్ని అన్నానికి పిలిచాడు. ముత్యాలు తమ్ముడి చెయ్యి పట్టుకుని, పిలుపుకో వేలు ముడుస్తూ, మూడో వేలు ముడిచాకే పలికింది. అందరూ నవ్వారు.

రెండో మజిలీలో గంగులమ్మ తేగలు ఉడకబెట్టి, కావాలనే రెండుసార్లు పిలిచి ఊరుకుంది. సోములు నోరు తెరవబోతే ముత్యాలు అరచేత్తో మూసింది. తేగలు గంగులమ్మే తినేసింది. సోములు వెక్కి వెక్కి ఏడ్చాడు. నాంచారికి మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టింది.

మూడో మజిలీకి ముందు వాగు వచ్చింది.

అప్పుడే తెల్లవారుతోంది. ఒకటే మంచు. బండి మీద కూర్చుంటే ముందున్న ఎడ్ల కొమ్ములు కనిపించవు. వీరాసామి బండి చక్రం వాగు ఇసుకలో దిగబడింది. బరువు తగ్గాలని పిల్లల్ని దించి, గట్టెక్కి అప్పన్న తాత బండిలో కూర్చోమన్నారు. ముత్యాలు తమ్ముణ్ణి చంకనెత్తుకుని నడుము లోతు నీళ్ళలోకి దిగింది. ఆ తర్వాత మంచులో ఎవరికీ ఎవరూ కనిపించలేదు. చక్రం లేచింది, బండ్లు కదిలాయి. పిల్లలు తాత బండిలో ఉన్నారనుకుంది నాంచారి. తల్లి దగ్గరే ఉన్నారనుకున్నాడు అప్పన్న తాత.

మధ్యాహ్నం బండ్లు విప్పి గంజి పోస్తే, రెండు ముంతలు మిగిలిపోయాయి.

అందరూ బండ్లు అక్కడే వదిలేసి వెనక్కి పరుగెత్తారు. ఆ రోజు ఎండే రాలేదు, మంచు విడలేదు. వాగుకు రెండు వైపులా మనిషెత్తు రెల్లు. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు పోయారు. వీరాసామి ఒక దుబ్బు దగ్గర "ముత్యాలూ, ముత్యాలూ" అని పిలిచి, పలుకు రాకపోతే ఇంకో దుబ్బు దగ్గరకు పరుగెత్తాడు. గంగులమ్మా అంతే. నాంచారీ అంతే. ఇక్కడ పిలుస్తుంటే అక్కడ ఉన్నారేమోనని గుండె లాగేది. మువ్వల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

పొద్దు వాలబోతుంటే అప్పన్న తాత గట్టు మీద కూలబడ్డాడు. "ప్రతి దుబ్బు దగ్గరా రెండేసిసార్లు పిలిచామే తల్లీ. ఉంటే పలికేవాళ్ళే" అన్నాడు.

రెండేసిసార్లు అనగానే నాంచారికి తను పెట్టిన మూడో కాపలా గుర్తొచ్చింది. లోపల పిల్లల్ని పెట్టి తాళం వేసిందీ తనే, తలుపు బయట నిలబడి ఏడుస్తున్నదీ తనే.

అప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మొదటి దుబ్బు దగ్గర మూడుసార్లు పిలిచింది. పలుకు లేదు. రెండో దుబ్బు దగ్గర మూడుసార్లు పిలిచింది. పలుకు లేదు. ఆ తర్వాత ఇందాక తను పరుగున వచ్చి, రెండుసార్లు పిలిచి, పరుగున వెళ్ళిపోయిన చోటికే వచ్చింది. ఒకసారి పిలిచింది. రెండుసార్లు పిలిచింది. మూడో పిలుపుకు రెల్లులోంచి సన్నగా "ఊఁ" అని వినిపించింది.

సోములు. తన బట్టల పైన అక్క పరికిణీ, అక్క రవిక కూడా వాడికే చుట్టి ఉన్నాయి. వాడి వేళ్ళు రెండు ముడిచి అక్క పిడికిట్లో ఉన్నాయి. ముత్యాలు బుగ్గ మీది చుక్క నీళ్ళకు కరిగిపోయింది. మువ్వలు దెయ్యానికి వినబడకూడదని తనే వాటి నిండా బురద కూరుకుంది. ఆ పిల్ల ఒళ్ళు రాయిలా చల్లగా ఉంది. కుదిపితే కదల్లేదు.

"ఇందాక నువ్వు పిలిచావు కదమ్మా. పలుకుతానంటే అక్క నోరు మూసింది" అన్నాడు సోములు.

నాంచారి వాణ్ణి గుండెకు అదుముకుంది.

అప్పన్న తాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. చీకటి పడకముందే మట్టి చెయ్యాలన్నారు. వీరాసామి కూతుర్ని గొంగడిలో చుట్టి, రొమ్ముకు ఆనించుకుని నడిచాడు. పెద్దవాళ్ళు పోతే పాడెను దారి మధ్యలో ఒకసారి దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా దాక్కుని ఉంటే తిరిగి వస్తుందని ఆశ. దాన్ని దింపుడు కళ్ళం అంటారు. పిల్లలకు అది చెయ్యరు. అయినా అప్పన్న తాత ఆ రోజు దించమన్నాడు.

వీరాసామి దించి, చెవిలో ముత్యాలూ అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలవలేక గొంగడిలో మొహం దాచుకున్నాడు. పొద్దు పోతోంది, ఇక లేవమన్నారెవరో. వీరాసామి గొంగడి ఎత్తబోయాడు.

"రెండే పిలిచావు మావా" అంది నాంచారి.

ఆమె నేల మీద కూర్చుంది. కూతురి చెయ్యి తీసుకుని ఒక వేలు ముడిచింది. రెండో వేలు ముడిచింది. అప్పుడు చెవికి నోరు ఆనించి, అన్నానికి పిలిచినట్టే పిలిచి, మూడో వేలు ముడిచింది.

వేలు కదల్లేదు. గంగులమ్మ మొహం అటు తిప్పుకుంది. ఆ తర్వాత నాంచారి పిడికిట్లో ఆ వేలు చీమంత కదిలింది.

"మూడయ్యాయా అమ్మా?" అంది ముత్యాలు.

ఆ పిల్ల బతికింది. కానీ గొంతు మునుపటిలా రాలేదు. ఉన్నన్నాళ్ళూ గుసగుసగానే మాట్లాడింది. నాంచారి మువ్వలు విప్పేసి, పిల్లలకు కొత్త మాట చెప్పింది. నా గొంతు వినగానే పలకండి, దెయ్యమైతే దాని సంగతి నేను చూసుకుంటాను అని.

తిరుగు దారిలో, కోటయ్య పోయిన మడుగు దగ్గర నాంచారి బండి ఆపించింది. గట్టున నిలబడి వాడి పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచాక చాలాసేపు అలాగే నిలబడింది. నీళ్ళు కదల్లేదు. ముందు బండీ కదల్లేదు, వెనక బండీ కదల్లేదు. గంగులమ్మ కూడా తొందరపెట్టలేదు.

ఇక కళ్ళు మూసుకోండి. రేపు దారిలో కారు ఆగిన చోటల్లా అమ్మ మిమ్మల్ని పేరుపేరునా పిలుస్తుంది. విసుక్కోకండి, మొదటి పిలుపుకే పలకండి. మీరూ పెద్దయ్యాక పిల్లల్ని వేసుకుని దూరాలు పోతారు. బయల్దేరే ముందు రోజు వాళ్ళను పక్కన పడుకోబెట్టుకుని ఈ కథ చెప్పండి. భయపడతారని దాచకండి.

ఒక పిలుపు దారికి,
ఒక పిలుపు నీటికి,
మూడో పిలుపు బిడ్డకి.
కథ కంచికి పోయె,
బండి ఇంటికి తిరిగె.
విన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పాలె.